మా ఆయన కొత్త చెప్పులు

మా ఆయనకు చెప్పులు విడవడం చేతకాదు. ముప్పై ఏళ్లు చెప్పి చూశాను. గడప దగ్గరికి రాగానే ఒకటి తూర్పుకి, ఒకటి పడమటికి. కుడిది చాలాసార్లు బోర్లా పడి ఉండేది. అంత పెద్ద బస్సును గీత గీసినట్టు తెచ్చి నిలబెట్టే మనిషికి, రెండు చెప్పులను పక్కపక్కన పెట్టడం ఎందుకు రాదో నాకు అంతుబట్టేది కాదు. నేను బడిలో పాఠాలు చెప్పి వచ్చి, లోపలికి పోయే ముందు కాలితో వాటిని సర్దేదాన్ని. సర్దుతూ తిట్టేదాన్ని. బోర్లా పడిన చెప్పు ఇంటికి కొట్లాట తెస్తుందని మా అమ్మ చెప్పేది. ఆ మాట చెబితే ఆయన, "అది తెచ్చేదేముండాది, నువ్వుండావు గదా" అనేవాడు.

చిత్తూరు డిపోలో డ్రైవరు. చాలా ఏళ్లు పుత్తూరు మీదుగా తిరుపతికి పోయే బస్సు నడిపాడు. బతుకంతా కూర్చుని చేసిన పని. బస్సు దిగాక కూడా నడిచే అలవాటు లేదు. సందు చివర అంగడిలో పెరుగు ప్యాకెట్ తేవాలన్నా బండి తీసేవాడు. అలాంటి మనిషి కొండకు నడిచి వస్తానని మొక్కుకున్నాడు. అదీ నా కోసం.

నాకు నడుములో నరం నలిగి కాళ్లు పట్టు తప్పాయి. వేలూరులో ఆపరేషన్ చేశారు. ఆ తర్వాత చాలా నెలలు మంచమే. పుత్తూరు కట్టు కట్టిస్తే ఎప్పుడో లేచి ఉండేదని చుట్టాలంతా అన్నారు. అది విరిగిన ఎముకకు కట్టే కట్టు, నరానికి కాదని ఎవరికని చెప్పను. ఆయన స్నానం చేయించాడు, అన్నం పెట్టాడు, రెండు పూటలా పట్టుకుని నిలబెట్టాడు. చివరికి ఒకరోజు గోడ పట్టుకోకుండా వంటింటి దాకా పోయాను. ఆయన స్టవ్వు ఆపి నా వైపు తిరిగాడు.

"ఇంగ నా వంతు," అన్నాడు.

"ఏం వంతు?"

"నువ్వు నీ కాళ్ల మీద నడిస్తే, నేను నడిసి కొండకు వస్తానని మొక్కుకున్నా. మా బస్సు దారిలోనే."

నాకు నవ్వొచ్చింది. "పెరుగుకు నడవలేవు, కొండకు నడుస్తావా," అన్నాను. ఆయనకు షుగరు. ఉత్త కాళ్లతో నడవకూడదని డాక్టరు ముందే చెప్పి ఉన్నాడు. అంగళ్లలో ఆయన కాలికి పట్టే చెప్పులు దొరకవు. అందుకని బజారు వీధి మలుపులో చెప్పులు కుట్టే ఆయన దగ్గరికి పోయి అట్టముక్క మీద పాదం పెట్టి కొలత గీయించుకున్నాడు. కుట్టే ఆయన ఆ గీత చూసి, "ఇది పాదం గాదు సామీ, పడవ" అన్నాడట. ఇంటికొచ్చి నాకు ఆ మాట గొప్పగా చెప్పాడు.

ఆ చెప్పులు తయారయ్యేలోపలే పోయాడు. ఉదయం డిపోలో బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ పక్కకు ఒరిగాడు. గుండె. అంతే.

పదకొండో నాడు దానాల్లో చెప్పులు, గొడుగు ఇస్తారు కదా. పోయినవాళ్లు నడిచే దారిలో ఇసుక కాలుతుందట, అందుకని. మా మరిది బజారుకు పోయి అంగట్లో ఉన్న వాటిలో పెద్ద జత తెచ్చాడు. చూడగానే చెప్పాను, "ఇవి ఆయనకు పట్టవు, వేళ్లు బయటికొస్తాయి" అని. అయ్యవారు మంత్రం ఆపి నా వైపు చూసి మళ్లీ మొదలుపెట్టాడు. పట్టని చెప్పులే దానం ఇచ్చాం.

కార్యం అయిన మూడో రోజో నాలుగో రోజో చెప్పులు కుట్టే ఆయన పేపరులో చుట్టుకుని అసలు జత తెచ్చాడు. తలుపు తీసేసరికి, లోపల దండ వేసిన ఫోటో ఆయనకు కనిపించింది. అక్కడే నిలబడిపోయాడు. తర్వాత వంగి ఆ పొట్లాన్ని గడప పక్కన పెట్టి వెళ్లిపోయాడు. విప్పి చూశాను. మంచి తోలు, మందం అట్ట, తోలు మెత్తబడడానికి ఆముదం పట్టించి ఉన్నాడు. అంత పెద్ద చెప్పులు ఇంట్లో ఎవరికీ పట్టవు. ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

నాకు ఏడుపు రాలేదు. వచ్చినవాళ్లు నా ముఖం చూసి, వాళ్లు ఏడ్చి, పోయేటప్పుడు ఒకరి చెవిలో ఒకరు ఏదో అనుకున్నారు. నేను బడికి పోయాను. పిల్లల చేత ఎక్కాలు చెప్పించాను. అన్నం తిన్నాను, ఉప్పుందో లేదో తెలిసేది కాదు. ఒక్క దేవుడితో మాత్రం మాటలు మానేశాను. మొక్కుకున్నవాడిని తీసుకుని, ఎవరికోసం మొక్కుకున్నాడో దాన్ని వదిలిపెట్టడం ఏం న్యాయమని ఒక్కసారి అడిగాను. తర్వాత అదీ అడగలేదు.

అరవ లెక్కలో సామి నెల, పెరటాసి వచ్చింది. మా పక్క ఆ నెలంతా జనం పసుపు గుడ్డలు కట్టుకుని గోవిందలు చెప్పుకుంటూ కొండకు నడుస్తారు. అరవదేశం నుంచి వచ్చేవాళ్లు మరీ ఎక్కువ. ఒకరోజు అలమర తీస్తే ఆ చెప్పుల ఆముదం వాసన కొట్టింది. వాటిని తీసుకుని నేనే నడుస్తాననుకున్నాను. మనిషి పోలేడు కాబట్టి చెప్పులైనా పోవాలి. అంతకుమించి ఆలోచన లేదు, భక్తి అసలే లేదు. మొక్కు మిగిలిపోతే ఆయనకు ఆ బాకీ ఎందుకు అని ఒకటే.

మా ఆడపడుచు ఒప్పుకోలేదు. "ఏడాది తిరగలా, కొండెక్కకూడదు," అంది. అది నాకూ తెలుసు. ఇంట్లో మనిషి పోతే ఏడాది దాకా ఏటిసూతకం, కొండ గడప తొక్కం. "ఎక్కను. అలిపిరి దాకా పోయి వచ్చేస్తాను," అన్నాను. చీరల అంగడిలో ఇచ్చిన పసుపుపచ్చ గుడ్డ సంచి ఒకటి ఇంట్లో ఉంది. ఆ చెప్పులు పట్టే సంచి అదొక్కటే. అందులో వాటిని పెట్టుకుని, భుజానికి ఇంకో సంచి వేసుకుని బయల్దేరాను.

దారి ఆయన బస్సు దారే. గంగాధర నెల్లూరు, కార్వేటినగరం, పుత్తూరు, వడమాలపేట. చిత్తూరు నుంచి తిరుపతికి దగ్గర దారి వేరే ఉంది, కానీ మొక్కు ఈ దారికి. మామిడి తోటలు, చెరకు, మధ్యమధ్యలో రాళ్ల గుట్టలు. బస్సులో కూర్చుంటే పది నిమిషాల్లో వచ్చే ఊరు, నడిస్తే పూటకూ రాదు. నేను మెల్లగా నడిచేదాన్ని. మధ్యలో ఆగి నడుము పట్టుకునేదాన్ని. బస్సులు పక్కనుంచి పోతుంటే ఒకరిద్దరు డ్రైవర్లు నన్ను గుర్తుపట్టి ఆపారు. "అక్కా, ఎక్కు," అన్నారు. చెయ్యి ఊపి పంపించేశాను.

ఆ దారిలో జనం మర్యాద గురించి నేను చెప్పగలను, కానీ అప్పుడు నాకు ఏమనిపించిందంటే చెప్పలేను. ఏమీ అనిపించలేదు. పేరు అడగరు. "యా ఊరు మా? కొండకా?" అంతే. "ఆ" అన్నామంటే కాళ్లకు నీళ్లు వస్తాయి, మజ్జిగ వస్తుంది, చాప వస్తుంది. ఒక మామిడి తోట కాపలా ఆయన భార్య నాకు తన మంచం ఇచ్చి తను నేల మీద పడుకుంది. కార్వేటినగరం ఇవతల చర్చి పక్కన ఉండే ఒక ఇల్లాలు నా అరికాళ్లు చూసి ఉప్పునీళ్లు కాచి తెచ్చింది. "మీ సామి దగ్గరికి పోయేదానివి, మా ఇంట్లో అన్నం తింటావా మా?" అని అడిగింది. ఆమెకు ఆ అనుమానం. నేను తిన్నాను. ఆమె సంతోషపడింది. సంతోషపడిందని ఆమె ముఖం చూసి తెలుసుకున్నాను.

ఒక ఇంట్లో పొద్దున బయల్దేరుతుంటే ఆ ఇంటామె కుంకుమ భరిణె తెచ్చింది. నా మెడ వైపు చూసి ఆగింది. తర్వాత కాస్త కుంకుమ కాగితంలో మడిచి నా చేతిలో పెట్టింది, కొండ కాడ వేసెయ్ మా అని. అందరూ అంతే. బోసి మెడ చూసినవాళ్లు అది ఎప్పటి సంగతో అనుకున్నారు. మొన్నటిదని నేనూ చెప్పలేదు.

వడమాలపేట దాటాక ఎండ నెత్తి మీదికి వచ్చింది. ఆ రోజు పెరటాసి శనివారం. రోడ్డు వారన ఒక డాబా ఇల్లు, ముందు పంచ, పంచకు సిమెంటు గోడ. గేటు దగ్గర డెబ్బై ఏళ్ల పెద్దావిడ నిలబడి దారి చూస్తోంది. నా ముందు పోయిన గుంపును పిలిచినట్టుంది, వాళ్లు ముందు ఊళ్లో తిన్నామని చేతులు జోడించి సాగిపోయారు.

"కొండకేనా మా?"

"ఆ."

"తిన్న్యావా?"

"లేదు."

"గోవిందా. రా మా. తళిగేసుకోని పొద్దుననుంచి సూస్తావుండా, ఒక్క గోవిందుడూ లోపలికి రాలా."

తళిగంటే తెలియనివాళ్లు మా జిల్లాలో ఉండరు. పెరటాసి శనివారం తలకు పోసుకుని, ఇంటిల్లిపాదీ ఒక్కపొద్దు ఉండి, ఆకు మీద పులిహోర, చక్కెర పొంగలి, వడలు, గుగ్గిళ్లు సామికి కుప్పగా పెట్టి, బియ్యప్పిండి దీపం వెలిగిస్తారు. గోవింద కొట్టి, బయటి మనిషికి ఒకరికి అన్నం పెట్టాకే ఇంట్లోవాళ్లు నోట్లో మెతుకు పెట్టుకోవాలి. కొండకు నడిచేవాళ్లు దొరికితే అంతకంటే మంచిది లేదు. అలాంటి ఇంట్లోకి ఏటిసూతకం మనిషి పోకూడదని నాకు తెలుసు. కానీ ఆ క్షణంలో తట్టలేదు. ఆ నెలల్లో నాకు ఏదీ వేళకు తట్టేది కాదు. పిలిచింది, పోయాను.

పంచలో సంచులు పెట్టాను. కోడలు బయటికి వచ్చి నన్ను పెరట్లోకి తీసుకుపోయి తొట్టి చూపించింది. సన్నగా ఉంది, కడుపు కాస్త ముందుకు వచ్చి ఉంది. నీళ్లు ముంచిపెట్టి, అరికాలి పొక్కులకు పసుపు తెచ్చి ఇచ్చి లోపలికి పోయింది. నేను కాళ్లు కడుక్కుని బట్టలుతికే బండ మీద కూర్చున్నాను. కూర్చుని ఏం చేశానో తెలియదు. దండెం మీద ఆరేసిన తువ్వాలు చూస్తూ ఉన్నాను. లోపల గంట మోగితే లేచాను.

లోపలికి పోయేసరికి తళిగ పక్కన పీట వేసి ఉంది. పీట మీద మా ఆయన చెప్పులు. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి, ఒక్కోదాని మీద మల్లెపూల మూర వేసి ఉన్నారు. పళ్లెంలో కర్పూరం. ఇరుగుపొరుగు ఆడవాళ్లు ఇద్దరు వచ్చి ఉన్నారు.

వాళ్ల పొరపాటు ఏమిటో నాకు వెంటనే అర్థమైంది. మా పక్కవాళ్లు తప్ప ఇంకెవరూ చేయలేని పొరపాటు అది. అలిపిరి పాదాల మండపంలో సామి పాదుకలను నెత్తిన పెట్టుకుని తిరుగుతారు. పాతకాలంలో సామికని పెద్ద పెద్ద తోలు చెప్పులు కుట్టి, పసుపు గుడ్డలో చుట్టి, ఊరూరా పూజలు అందుకుంటూ నడిచి తెచ్చి కొండ కింద ఇచ్చేవాళ్లుండేవాళ్లు. రాత్రి సామి దిగి వచ్చి అవి వేసుకుని తిరుగుతాడని, తెల్లారి చూస్తే అరిగి ఉంటాయని ముసలివాళ్లు చెబుతారు. ఇక్కడ చూస్తే పసుపు సంచి, పెరటాసి శనివారం, కొండకు పోయే మనిషి, మట్టి అంటని కొత్త తోలు. పైగా మనుషులెవరికీ పట్టని కొలత. సంచిని ఇంట్లో పెడదామని తీసిన కోడలు బరువు చూసి విప్పి ఉంటుంది.

"ఒక్క మాటన్నా సెప్పలేదే మా," అంది పెద్దావిడ. ఆమె కళ్లలో నీళ్లు. "సామి సెప్పులు మోసుకోని ఒంటరిగా పోతావుండావా. నా సిన్నప్పుడు మా అమ్మగారి ఊళ్లో సూసినా. మళ్లా ఇదే."

పక్కింటామె ఒకరు వంగి నా కాళ్లు ముట్టుకుంది. నేను నిలబడే ఉన్నాను. చెప్పాలని తెలుసు. నోరు లేవలేదు. ఆ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు చెప్పులు నెత్తిన పెట్టించుకుని గోవిందా అన్నారు. ఆయన చూస్తే ఎంత నవ్వేవాడో అనుకున్నాను. అనుకున్నానే గానీ నాకు నవ్వు రాలేదు.

పెద్దావిడ కోడలిని పిలిచింది. "రా మే, తల వొంచు." నా వైపు తిరిగి, "ఐదో నెల మా. ముందు రెండు తూర్లు నిలబడలా. ఈ తూరి సామే ఇంటికొచ్చినాడు," అంది.

ఆ పిల్ల కొంగు నెత్తిన కప్పుకుని పీట ముందు మోకాళ్ల మీద కూర్చుంది. పెద్దావిడ రెండు చేతులతో చెప్పులు ఎత్తింది.

"వద్దు," అన్నాను. బడిలో అరిచే గొంతు వచ్చింది. అందరూ ఉలిక్కిపడ్డారు. "వద్దు పెద్దమ్మా. అవి సామివి కావు. మా ఇంటాయనవి. ఆయన పోయి మూణ్ణెల్లయింది. ఆయన మొక్కు ఉంటే, అలిపిరి దాకా తీసుకుపోతున్నాను."

చెప్పులు పెద్దావిడ చేతుల్లోనే ఉండిపోయాయి. పక్కింటి ఆడవాళ్లు నెత్తి తడుముకుంటూ, నన్ను తాకకుండా ఓరగా బయటికి పోయారు. ఒకామె పెరటి తొట్టి దగ్గర తలకు నీళ్లు గుమ్మరించుకుంటున్న చప్పుడు వినిపించింది.

"ముందే ఒక మాట సెప్పుండచ్చు గదమ్మా," అంది పెద్దావిడ. తిట్టలేదు. తిట్టినా బాగుండేది.

ఆమె చెప్పులను తీసుకుపోయి పంచ గోడ మీద పెట్టింది. కోడలిని తలకు పోసుకోమని పంపింది. పీట కడిగింది, ఇల్లంతా పసుపు నీళ్లు చల్లింది, దీపం కొండెక్కించి కొత్త వత్తి వేసి వెలిగించింది. ముసలి వయసు, పొద్దున నుంచి ఒక్కపొద్దు, ఆ పనంతా నా వల్ల. నేను పంచలో నిలబడి భుజం సంచి తగిలించుకున్నాను.

"యాడికి?"

"పోతాను పెద్దమ్మా."

"కూసో. తళిగ నాడు వాకిట్లోకి పిలిసినామెను ఆకలితో పంపితే అదింగా పాపం. లోపలొద్దు. ఈడనే కూసో."

పంచలో ఆకు వేసింది. అన్నీ వడ్డించింది. ముఖంలో నవ్వు లేదు, వడ్డించే చెయ్యిలో మాత్రం పిసినారితనం లేదు. "ఉప్పు సరిపోయిందా?" అని అలవాటుకొద్దీ అడిగింది. సరిపోయిందన్నాను. నాకు తెలియదు. తిట్టి తరిమేసి ఉంటే నేనూ ఒక తిట్టు తిట్టుకుని దారి పట్టేదాన్ని. అన్నం పెట్టి నన్ను ఎటూ కాకుండా చేసింది.

నేను చెయ్యి కడుక్కునే వేళకు కోడలు వచ్చింది. తల తడిగా ఉంది, తువ్వాలు చుట్టుకోలేదు. గోడ మీది చెప్పులను, నన్ను మార్చి మార్చి చూసింది. గొంతు తగ్గించి అడిగింది.

"సిన్నమ్మా, ఆయన దేనికి మొక్కుకున్న్యాడు?"

"నేను లేచి నడవాలని."

"నీకు కాళ్లు రాకుండా ఉన్న్యాయా?"

"పోయినేడు మంచం మీదనే ఉన్నాను."

"ఇప్పుడు యాడ్నించి నడిసి వచ్చినావు?"

"చిత్తూరు నుంచి."

పసుపు పూసుకున్న నా పాదాల వైపు చూసింది. "అయితే సామి ఆయన మాట విన్న్యాడు గదా," అంది.

"విని ఏం చేశాడు. ఆయన్ను తీసుకుపోయాడు."

"అది వేరే సిన్నమ్మా. మొక్కు విన్న్యాడా లేదా?"

ఆయన పోయినప్పటి నుంచి నేను ఆ రెండింటినీ ఒకే ముడి వేసి ఉంచాను. నా కాళ్లు రావడం, ఆయన పోవడం. ఆ పిల్ల ఆ ముడిని విప్పి ఒకటి అటు, ఒకటి ఇటు పెట్టింది. నాకు కోపం వచ్చింది. కోపంగానే, "విన్నాడు," అన్నాను.

"నాది రెండు తూర్లు వినలా," అంది. "ఆ సెప్పులు నా నెత్తిన పెట్టు."

"తప్పమ్మా. సూతకం. రేపు ఏదన్నా అయితే..."

"ఏమీ పెట్టకుండానే రెండు తూర్లు అయింది గదా."

పంచ అరుగు మీద నా ముందు తల వంచుకుని కూర్చుంది. తడి జుట్టులోంచి నీళ్లు మెడ మీదికి కారుతున్నాయి. నేను గోడ మీది నుంచి చెప్పులు తీశాను. ఆమె తల మీద పెట్టాను. భయం. ఈ పిల్ల కడుపు నిలవకపోతే నేనేమైపోవాలని భయం. మూడు నెలల తర్వాత నాలో అంత గట్టిగా కదిలిన మొదటిది అదే. భయపడుతున్నానని తెలిసి, ఇంకా బతికే ఉన్నానే అనుకున్నాను. గోవిందా అన్నది ఆ పిల్ల, నేను కాదు.

తల ఎత్తేసరికి గడప దగ్గర పెద్దావిడ మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో. చెంబు నాకు అందించి, "నేనేం సూడలా," అంది. లోపలికి తిరిగి రెండడుగులు వేసి, "తల తుడుసుకో మే, జలుబు సేస్తాది," అని కోడలికి చెప్పింది.

నేను బయల్దేరేటప్పుడు ఇద్దరూ గేటు దాకా వచ్చారు. కుంకుమ ఇవ్వలేదు. పులిహోర పొట్లం మాత్రం కట్టి ఇచ్చారు.

ఆ తర్వాత ఆ పిల్లకు ఏమైందో నాకు తెలియదు. ఫోన్ నంబరు అడగలేదు. ఎందుకు అడగలేదంటే ఇందాక చెప్పిన భయమే. ఒకసారి పని మీద ఆ దారిన బస్సులో పోయినప్పుడు కావాలనే రెండో వైపు కిటికీ దగ్గర కూర్చున్నాను. దండెం మీద చంటిపిల్లల గుడ్డలు ఉంటే సరే. లేకపోతే చూసి నేను తట్టుకోలేను. ఇలాంటి పిరికిదాన్నని మా ఆయనకు ముందే తెలుసు.

మరునాడు నేను అలిపిరికి చేరేసరికి పొద్దు ఎక్కి ఉంది. మెట్ల మొదట్లో జనం. పసుపు పూసుకుంటూ, కర్పూరం వెలిగిస్తూ, మొదటి మెట్టుకు మొక్కి ఎక్కుతున్నారు. పాదాల మండపం వైపు పోలేదు. నాకు కొండ లేదు కాబట్టి ఒక వారగా నిలబడ్డాను. చెప్పులను ఏం చేయాలో ఇంటి దగ్గర అనుకోలేదు. అలిపిరి దాకా అనుకున్నాను, అంతే. ఇప్పుడు అలిపిరి వచ్చేసింది.

అక్కడొక చెట్టు కింద, గోడ వారన చెప్పుల కుప్పలు. ఎక్కేవాళ్లు కొందరు అక్కడే విడిచి పోతారు. ప్లాస్టిక్కువి, రబ్బరువి, పిల్లలవి, పట్టీలు తెగినవి. దిగి వచ్చినవాళ్లు తమ జత వెతుక్కుంటూ, దొరక్కపోతే తిట్టుకుంటూ ఉన్నారు. ఆయన నడిచి వచ్చి ఉంటే ఇవి ఇక్కడే విడిచేవాడు. ఈ గోడ పక్కనే. ఆయన వెనక నేను ఉంటే తిట్టి సర్దేదాన్ని.

సంచి విప్పాను. ఆముదానికి అంటుకున్న పసుపు, కుంకుమ అలాగే ఉన్నాయి. కుడి దాని పట్టీలో మల్లెమొగ్గ ఒకటి వాడి ఇరుక్కుపోయింది. తుడవలేదు. రెండింటినీ పక్కపక్కన, మడమలు గోడకు ఆనించి, చక్కగా పెట్టాను. లేచి నిలబడ్డాను. పని అయిపోయింది, పోవచ్చు. రోడ్డు దాకా నడిచాను కూడా.

అక్కడ ఆగి వెనక్కి తిరిగి చూశాను. అంత చక్కగా ఉంటే అవి ఎవరివో అనిపించాయి. మళ్లీ వెనక్కి పోయాను. ఎడమ దాన్ని కాలితో పడమటి వైపు తోశాను. కుడి దాన్ని బోర్లా తిప్పాను. అప్పుడు అవి మా ఆయన విడిచిన చెప్పులు. ఆ గోడ పక్కనే కూలబడి, దిగివచ్చే జనం చూస్తుండగా, గట్టిగా ఏడ్చాను.